నా పూచీ మీద కాపురం

పోయిన నెలలో మా కాలనీ సంఘం వాళ్లు నాకు శాలువా కప్పారు. ఆడవాళ్ల మీద హింస గురించి ఏదో సభ. మైకు పట్టుకున్నాయన నన్ను చూపించి, "సొంత తమ్ముడని కూడా చూడకుండా, కోర్టులో మరదలి పక్షాన నిజం చెప్పిన పెద్దమనిషి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి దండం పెట్టి కూర్చున్నాను. అలా జరగలేదని మాత్రం చెప్పలేదు. ఇంటికొచ్చి శాలువా కుర్చీ మీద వేస్తే, నా భార్య దాన్ని వేళ్లతో తడిమి చూసి, "బట్ట మంచిదే. పైకి పంపమంటారా, ఆవిడకి?" అంది.

పైన ఉండేది నా తమ్ముడి భార్య, వాళ్ల పాప. తమ్ముడు ఆ ఇంట్లో ఉండటం లేదు. ఉండకూడదని కోర్టు చెప్పింది. అది నా వల్ల జరిగిందని ఊరంతా అనుకుంటోంది. నిజం నా నోట్లోంచే వచ్చిన మాట వాస్తవం. కానీ నేనంతట నేను చెప్పలేదు, నా చేత చెప్పించారు. దానికి ముందు ఏం జరిగిందో, నేనేం చేశానో ఎవరికీ తెలీదు. తెలిసిన మనిషి ఎవరితోనూ చెప్పుకోలేదు. అందుకే రాస్తున్నాను.

మాది భవానీపురం. కింద వాటా నాది, పైది తమ్ముడిది. వాడికి ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు. నాకు ఇబ్రహీంపట్నంలో లారీలు. కరెంటు ప్లాంటు బూడిదని ఇటుక బట్టీలకి తోలతాం. ఆ లైన్లో రోజుకో గొడవ. నీ లారీ నా లారీకి అడ్డమొచ్చిందని ఒకడు, నా లోడు నువ్వెత్తుకున్నావని ఇంకొకడు. ఇద్దర్నీ కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఎవరు ఎంత తగ్గాలో చెప్పి చేతులు కలిపించడం నాకు బాగా వచ్చు. నా మాట అంటే అక్కడ గౌరవం. ఇంటి గొడవ కూడా అలాంటిదే అనుకున్నాను.

మరదలిది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. పెళ్లయిన కొన్నేళ్లకి ఒకసారి పాపనెత్తుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. వారం తర్వాత ఆమె మేనమామ వెంటబెట్టుకొచ్చాడు. మా ఇంటి ముందు కారు పెట్టుకునే చోట ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. మా బాబాయి, ఆ మేనమామ, నేను, తమ్ముడు కూర్చున్నాం. ఆమె గుమ్మం పక్కన నిలబడింది. కూర్చోమని ఎవరం అనలేదు.

"ఏమ్మా, అసలేమయింది?" అన్నాడు బాబాయి.

"కొట్టారండి."

"అదే, ఎందుకు కొట్టాడు?"

"కూర చల్లారిపోయిందని."

బాబాయి అందర్నీ ఓసారి చూసి, "మీ పిన్నిగారు నాకు పెళ్లయిన కాణ్ణించీ చల్లారిన కూరే పెడుతోంది. నేనెవరితో చెప్పుకోను?" అన్నాడు.

అందరం నవ్వాం. ఆమె మేనమామ కూడా నవ్వాడు. తమ్ముడు తల దించుకుని నవ్వాడు.

"సరే, నువ్వేమన్నావు మరి?"

"నేనేమీ అనలేదు బాబాయిగారూ."

"ఏమీ అనకుండా ఎవడూ చెయ్యెత్తడమ్మా. ఏదో అనే ఉంటావు. గుర్తు తెచ్చుకో."

ఆమె నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. "గిన్నె కాస్త గట్టిగా పెట్టానేమోనండి" అంది చివరికి.

"అదిగో" అన్నాడు బాబాయి.

అక్కడితో తగువు తీరినట్టే. తమ్ముడు తప్పయిందన్నాడు. ఆమె మాత్రం కదల్లేదు. "బావగారు పూచీ ఉంటానంటే పైకి వెళ్తాను" అంది.

మా వైపు ఇది మామూలే. ఇలాంటి పంచాయితీలో చివర ఎవరో ఒక పెద్ద, ఇకనుంచి ఈ మనిషి నడవడికకి నేను పూచీ అంటాడు. కాగితం ఉండదు. మాటే. ఆ మాట మీద ఆడపిల్లని కాపురానికి పంపుతారు. "నేను కిందే ఉంటానుగా అమ్మా. నాదీ పూచీ" అన్నాను. చాలా హుందాగా అన్నాను. నా భార్య లోపల్నుంచి పసుపు కుంకుమ తెచ్చి ఆమెకి బొట్టు పెట్టింది. ఆమె మెట్లెక్కి వెళ్లింది.

ఆ పూచీ ఏం చేసిందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. తమ్ముణ్ణి అది ఆపలేదు. వాడు మళ్లీ కొట్టాడు. కానీ ఇప్పుడు ఆమె నోరు విప్పితే వాడి పరువు ఒక్కటే కాదు, నా మాట కూడా పోతుంది. బావగారి మాట నలుగురిలో పోగొట్టకూడదని ఆమె అనుకుంది. నేనూ అదే కోరుకున్నాను. పూచీ ఉన్నవాడు కాబట్టి నేను వెళ్లి చూడాలి. చూస్తే నా మాట చెల్లలేదని తెలిసిపోతుంది. అందుకని చూడకుండా ఉండటమే నయమనిపించింది. మెట్ల దగ్గర ఎదురుపడితే, "ఏమ్మా, అంతా బాగేనా?" అని అడిగేవాణ్ణి. బాగేనండీ అనక తప్పని విధంగా అడిగేవాణ్ణి.

తర్వాత కూడా ఆమె పుట్టింటికి వెళ్లింది. అప్పుడు నేనే కారు వేసుకుని, పులిగడ్డ దాటి వెళ్లి తీసుకొచ్చాను. వాళ్ల నాన్న నా రెండు చేతులూ పట్టుకుని, "మీ మొహం చూసి పంపుతున్నాం" అన్నాడు. నేను మళ్లీ పూచీ ఉన్నాను. దారిలో ఆమె వెనక సీట్లో కూర్చుంది. ఉయ్యూరులో పాపకి బిస్కెట్లు కొనడానికి ఆపితే, "బావగారూ, ఈసారి మీరు పైకి వస్తారా?" అంది.

"ఎందుకు రానమ్మా, పిలిస్తే వస్తాను" అన్నాను.

పిలిచింది. పేరు పెట్టి కాదు. కేకలు కింద వినపడేవి. నేను వెళ్లలేదు.

ఆఖరుకి ఆమె పెద్దలతో పని లేకుండా వెళ్లింది. పుట్టింటికి కూడా వెళ్లలేదు. ప్రభుత్వం తరఫున ఇలాంటి కేసులు చూసే రక్షణాధికారి దగ్గరికి పాపతో సహా వెళ్లి కూర్చుంది. ఆ అధికారి ఒక నడివయసు ఆవిడ. మర్నాడే మా ఇంటికొచ్చింది. కాఫీ ఇస్తే వద్దంది. పైకెక్కి గదులు చూసింది. ఆమె అడిగినవి నాకు వింతగా తోచాయి. పడగ్గదికి గడియ ఎటువైపు ఉంది? మరదలి ఫోను ఎవరి దగ్గర ఉంటుంది? గొడవ జరిగేటప్పుడు పాప ఏ గదిలో ఉండేది? ఎందుకు కొట్టాడన్న ప్రశ్న రాలేదు. ఎప్పుడొస్తుందా అని నేను చివరిదాకా చూశాను. దానికి చెప్పాల్సిన జవాబులు తమ్ముడు నాకు ముందే నూరిపోసి ఉంచాడు.

కేసు ఆడవాళ్ల మీద హింస కేసులు ప్రత్యేకంగా వినే కోర్టుకి వెళ్లింది. మరదలు అడిగింది ఒక్కటే. పాప బడి ఇక్కడే కాబట్టి పైవాటాలో తను, పాప ఉంటారు. ఆయన అక్కడికి రాకూడదు. తమ్ముడి వాదనా ఒక్కటే. వాటా నాది, ఇష్టం లేకపోతే తనే పుట్టింటికి పోవాలి.

"పరువు బజారున పడేసింది అన్నయ్యా. నువ్వొచ్చి సాక్ష్యం చెప్తే నిలబడతాం. అందరికీ నీ మాటంటే గురి" అన్నాడు.

వాడి లాయరు నన్ను చూసి సంబరపడ్డాడు. "మీరు అదృష్టవంతులు సార్. మామూలుగా అత్తమామల్నుంచి కుక్కపిల్ల దాకా అందర్నీ కేసులో ఇరికిస్తారు. ఈవిడ మిమ్మల్ని చేర్చలేదు. అందుకే మీ సాక్ష్యానికి విలువ" అన్నాడు. ఎందుకు చేర్చలేదో నాకు తర్వాత తెలిసింది. నా పేరు కూడా రాద్దామని ఆమె లాయరు అంటే, "వద్దండి, బావగారు నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు" అందట. ఆ అదృష్టం పట్టుకుని నేను ఆమెకి ఎదురు సాక్ష్యం చెప్పడానికి వెళ్లాను.

కోర్టు వరండాలో బెంచీల నిండా జనం. మా పక్కన ఒకాయన ఎవరితోనో ఫోన్లో, "ఈ వాయిదాలకి సెలవులన్నీ అయిపోతున్నాయిరా" అని వాపోతున్నాడు. కూతురి కేసు కోసం వచ్చి ఎదురుగా కూర్చున్న ముసలావిడ, "చేతులు దగ్గర పెట్టుకునుంటే సెలవులు మిగిలేవిగా నాయనా" అంది, దీపం ఒత్తులు చేసుకుంటూ. ఆయన ఫోను తీసుకుని దూరంగా పోయాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆపుకున్నాను.

మరదలు మాకు కనపడలేదు. ఆడవాళ్లని వేరే గదిలో, తోడుగా ఒక కౌన్సెలర్‌ని ఇచ్చి కూర్చోబెడతారట. మొగుడు పక్కనుంచి నడిచి వెళ్లాల్సిన పని లేకుండా వేరే తలుపు. మా పంచాయితీలో ఆమె గుమ్మం పక్కన నిలబడ్డ సంగతి నాకప్పుడు గుర్తు రాలేదు. ఇప్పుడు రాస్తుంటే వచ్చింది.

లోపలికి పిలిచారు. సంబంధం లేనివాళ్లని బయటికి పంపేశారు. చిన్న హాలు. మేజిస్ట్రేటు ఒక మేడం. నేను చెప్పాల్సింది లాయరు ముందే రాయించి సంతకం తీసుకున్నాడు. మా మరదలు పుట్టింటి నుంచి ప్రతిసారీ తన ఇష్టంతోనే తిరిగొచ్చింది. పైనుంచి నేనెప్పుడూ గొడవ వినలేదు. మా తమ్ముడికి కోపమే గాని మనసులో ఏమీ ఉండదు. ఇవి నా మాటలేనా అంటే అవునన్నాను.

మరదలి తరఫు లాయరు ఒక చిన్నమ్మాయి. నా కూతురి వయసుంటుంది. లేచి, "తన ఇష్టంతో వచ్చారన్నారు. బస్సులో వచ్చారాండీ?" అంది.

"లేదండి. నా కార్లో."

"మీరెందుకు వెళ్లారు?"

"తీసుకురావడానికండి."

"పూచీ ఉన్నారా?"

"ఉన్నానండి."

"దేనికి?"

తమ్ముడి లాయరు లేచాడు. మేడం చెయ్యెత్తి కూర్చోమన్నారు. ఆ అమ్మాయి రెట్టించకుండా కూర్చుంది.

అప్పుడు మేడం నావైపు తిరిగారు. గొంతులో కోపం లేదు. దారి అడుగుతున్నంత మామూలుగా అడిగారు.

"మీ ఇంట్లో నీళ్ల మోటారు స్విచ్ ఎక్కడుంటుందండీ?"

"కిందే మేడం. మెట్ల కింద."

"ఎవరు వేస్తారు?"

"నేనేనండి."

"ట్యాంకు నిండినట్టు ఎలా తెలుస్తుంది?"

"పైనుంచి నీళ్లు కారతాయండి, సందులోకి."

"నిండిన ట్యాంకుకి కూడా సాయంత్రాలు మోటారు వేసేవారని మీ మరదలు చెప్పారు. ఆయన కొట్టడం మొదలైతే కింద మోటారు మొదలయ్యేదని చెప్పారు. ఎందుకు వేసేవారు?"

ఆ సంగతి మా కింద వాటా దాటలేదనుకున్నాను. పైన కుర్చీ పడ్డ చప్పుడు కాగానే లేచి వెళ్లి స్విచ్ నొక్కేవాణ్ణి. పాత మోటారు, ఇల్లంతా అదిరేది. కేక వినపడేది కాదు. సందులో నీళ్లు ధారగా పోయేవి. పక్కింటాయన, "మీకేంటండీ, కృష్ణమ్మ మీ ఇంట్లోనే పుట్టినట్టుంది" అని ఎగతాళి చేసేవాడు. నేను నవ్వేవాణ్ణి. పైన ఆమె ఆ మోటారు శబ్దం వింటోందని, దాని అర్థం ఆమెకి తెలుసని నాకెప్పుడూ తట్టలేదు.

ఇక్కడే అందరూ చెప్పే కథ మొదలవుతుంది. అన్నగారి మనసు కరిగింది, గొంతెత్తి నిజం చెప్పాడు అని. అది నిజం కాదు. నేను మొదట చెప్పిన జవాబు ఇది: "సాయంత్రాలు ఓల్టేజీ బాగుంటుందండి, అందుకని."

మేడం అది టైపు చేయించారు. తర్వాత, "తొందరేం లేదు. మంచినీళ్లు తాగండి" అన్నారు. గ్లాసు ఇచ్చారు. తాగాను. హాల్లో ఎవరూ కదల్లేదు. మా పంచాయితీలో ఇంతసేపు ఎవరూ మౌనంగా ఉండరు. ఎవరో ఒకరు ఏదో అని నవ్వించి, దాటించేస్తారు. ఇక్కడ దాటించేవాళ్లు లేరు.

"మీ భార్యని కూడా అడగమంటారా?" అన్నారు మేడం.

నా భార్య ఏం చెప్తుందో నాకు తెలుసు. మోటారు వేసినప్పుడల్లా ఆమె వంటింట్లోంచి వచ్చి నా మొహం చూసి మళ్లీ లోపలికి వెళ్లేది. అబద్ధం చెప్పానని కోర్టు తేలిస్తే నా మీదే కేసవుతుందన్న భయం ఒకటి, ఆవిడ మొహం ఇంకొకటి. అప్పుడు అన్నాను.

"వినపడకుండా ఉండటానికండి."

"ఏం వినపడకుండా?"

"మా మరదలి ఏడుపు."

ఇంతే నేను చెప్పిన నిజం. తమ్ముడు నావైపు చూడలేదు. అయ్యాక నా సాక్ష్యం మొత్తం తెలుగులో చదివి వినిపించారు. ఓల్టేజీ మాట కూడా అందులో ఉంది. ఆ ముక్క కొట్టేస్తారేమోనని ఆశపడ్డాను. కొట్టేయలేదు. సంతకం పెట్టాను.

తీర్పు ఆమెకి అనుకూలంగా వచ్చింది. పైవాటాలో ఆమె, పాప ఉంటారు. తమ్ముడు ఆ ఇంటికి రాకూడదు, ఫోన్లో బెదిరించకూడదు. కౌన్సెలింగుకి వెళ్లాలి. పాపని కోర్టు చెప్పిన చోటే కలవాలి. ఆర్డరు ఒకటి పోలీస్ స్టేషన్‌కి పంపారు. ఆర్డరు ఎలా అమలవుతోందో చూడటానికి మళ్లీ వాయిదా కూడా పెట్టారు. మా పద్ధతిలో మాట ఇచ్చాక మళ్లీ అడగడం మర్యాద కాదు. ఇక్కడ అడగడమే పద్ధతి.

ఆ వాయిదాకి ముందు ఒక మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. బండి గేటు ముందు ఆపి హారన్ కొట్టాడు.

"గేటు తియ్యి అన్నయ్యా."

"రావద్దన్నారు కదరా."

"మన ఇంటి సంగతి కోర్టుకేం తెలుసు? నువ్వు మళ్లీ పూచీ ఉంటానని ఒక్క మాట అను చాలు, అది కాదనదు. బాబాయి కూడా సాయంత్రం వస్తానన్నాడు. నలుగురం కూర్చుంటే తేలిపోతుంది."

వాడు చిక్కిపోయి ఉన్నాడు. చొక్కా నలిగిపోయింది. చిన్నప్పుడు సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని తిప్పిన తమ్ముడు. నా నోట్లోంచి, "సరే, చూద్దాంలే" అన్న మాట వచ్చేసింది. అంత జరిగాక కూడా వచ్చింది. చెయ్యి గేటు తాళం చెవి కోసం గుమ్మం పక్క మేకు దగ్గరికి వెళ్లింది. అక్కడ తాళం చెవి లేదు. నా భార్య దాన్ని పిడికిట్లో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇవ్వవే" అన్నాను.

"మీరు వెళ్లి కూర్చోండి" అంది.

తలెత్తి చూస్తే పైన బాల్కనీలో మరదలు నిలబడి ఉంది. ఫోను చెవి దగ్గర ఉంది. ఇంటి అడ్రసు చెప్తోంది. మాట తడబడటం లేదు. తమ్ముడు గేటుని ఒక తన్ను తన్ని, నన్ను, మా ఆవిణ్ణి, కోర్టుని కలిపి తిట్టి, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. పోలీసులు వచ్చేసరికి వీధి ఖాళీ.

వాయిదా రోజున నన్నూ పిలిచారు. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో చెప్పమన్నారు. ఈసారి ముందే రాయించిన కాగితం లేదు. తమ్ముడు ఏమన్నాడో చెప్పాను, నేను "చూద్దాంలే" అన్నానని చెప్పాను, తాళం చెవి ఎవరి దగ్గరుందో చెప్పాను. ఆర్డరు దాటితే అది నేరమవుతుందని, జైలుకి వెళ్లాల్సి వస్తుందని మేడం తమ్ముడికి అర్థమయ్యేలా చెప్పి, అర్థమైందో లేదో వాడి నోటితోనే తిరిగి చెప్పించారు.

తర్వాత మరదలిని పిలిచారు. ఈసారి ఆమె నాకు కొద్ది దూరంలోనే నిలబడింది. చాలా రోజుల తర్వాత అంత దగ్గరగా చూశాను. కూర్చోమంటే కూర్చుంది.

"ఆ ఇంట్లో ఉండటానికి ఇప్పుడు భయంగా ఉందా అమ్మా?" అన్నారు మేడం.

"ఇదివరకంత లేదండి."

"కింద మీ బావగారి వాళ్లున్నారు. వాళ్లున్నారన్న ధైర్యం ఉందా?"

ఆమె నావైపు చూడలేదు. కావాలని చూడకుండా ఉన్నట్టు కూడా లేదు. అడిగినదానికి సరైన జవాబు ఏమిటా అని ఆలోచించింది.

"కింద అక్క మీద ఉందండి" అంది. "బావగారి మీద లేదు. ఆయన చెడ్డవారు కాదు. కానీ ఆయన ఉన్నారని నేను పడుకోలేను. ఆర్డరు ఉందని, ఫోను ఉందని పడుకుంటున్నాను."

మేడం ఆ మాటలు ఉన్నదున్నట్టు టైపు చేయించారు. సరిగ్గా ఉన్నాయా అని ఆమెని అడిగారు. సరిగ్గానే ఉన్నాయంది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ణి.